ఆ తలుపు తట్టడానికి పదకొండేళ్లు

మూడేళ్ల క్రితం, రమజాన్ నెల మూడవ రోజు సహరీ వేళ. వంటింట్లో రొట్టెలు కాలుస్తున్న నాకు ముందుగదిలోంచి మావారి మాటలు వినిపించాయి. ఎవరితోనో ఎంతో మర్యాదగా మాట్లాడుతున్నారు. ఇంత చీకటివేళ ఎవరు వచ్చి ఉంటారా అని తొంగిచూశాను. గదిలో ఎవరూ లేరు. ఖాళీ కుర్చీ వైపు చూస్తూ, ఎన్నో ఏళ్ల క్రితమే అల్లాహ్ సన్నిధికి చేరిన మా మామగారికి దుకాణం లెక్కలు అప్పజెబుతున్నారు. చేతులు వణుకుతున్నాయి. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. మధ్యమధ్య గోడమీద లేని చీమలను దులుపుతున్నారు.

అంతకు మూడు రోజుల ముందు, నెలవంక కనిపించిన రాత్రి, ఆయన వజూ చేసుకుని వచ్చి మా అత్తగారి ముందు కూర్చుని, ఇక జీవితంలో మద్యం ముట్టనని అల్లాహ్ మీద ప్రమాణం చేశారు. అలాంటి ప్రమాణాలు మా ఇంట్లో కొత్త కాదు. చాలా ప్రమాణాలు విన్నాను, చాలా ప్రమాణాలు విరిగిపోవడం చూశాను. సూరహ్ మాయిదాలో ప్రమాణభంగానికి పరిహారం తెలిపే 89వ ఆయత్, మద్యాన్ని నిషేధించే 90వ ఆయత్ పక్కపక్కనే ఉండటం చదివినప్పుడల్లా నాకు మా ఇల్లే గుర్తుకు వచ్చేది. అయితే ఈసారి ఆయన మాట నిలబెట్టుకున్నారు. ఆ నిలబెట్టుకోవడమే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది.

అత్తగారు సాయా సోకిందన్నారు. ఊదించడానికి ఎవరినైనా పిలవమన్నారు. మా మరిది మాత్రం, "భాభీ, ముందు ఆసుపత్రికి పోదాం. దుఆ దారిలోనూ చేయవచ్చు" అని ఆటో తెచ్చాడు. దారిలోనే ఆయనకు ఫిట్స్ వచ్చాయి. ఆ పావుగంట ప్రయాణంలో నేను కలిమా తప్ప మరేదీ పలకలేకపోయాను.

డాక్టరుగారు చెప్పిన మాట ఈ పత్రిక చదివే ప్రతి ఇల్లాలికీ తెలియాలి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానివేస్తే, దానికి అలవాటుపడిన మెదడు అదుపు తప్పుతుంది. మొదటి రోజు వణుకు, చెమట, నిద్రలేమి కనిపిస్తాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులు గడిచాక లేనివి కనిపించడం, వినిపించడం మొదలవుతుంది. చికిత్స అందకపోతే ప్రాణమే పోవచ్చు. అందువల్ల అలాంటి వారు డాక్టరు పర్యవేక్షణలో, మందుల సాయంతో మానాలి. మా ఇంట్లో దెయ్యమూ లేదు, సాయా లేదు. ఉన్నది ఒక వ్యాధి, దానిని పదకొండేళ్లుగా దాచిన మేము.

దాచిన ఇల్లు

మావారికి తెనాలిలో మోటారు విడిభాగాల దుకాణం ఉంది. లారీ యజమానులతో బేరాలు, బేరం కుదిరిన సంతోషంలో విందులు. ఆ విందుల్లో మొదలైంది. మొదట నెలకోసారి, తర్వాత జుమా రోజు తప్ప అన్ని రోజులూ, చివరికి జుమా కూడా మిగలలేదు. రమజాన్‌లో పగలంతా రోజా ఉండి, ఇఫ్తార్ అయ్యాక తరావీహ్‌కు వెళుతున్నానని చెప్పి మరెక్కడికో వెళ్లిన రాత్రులున్నాయి. తిరిగివచ్చాక ముసల్లా మీద కూర్చుని ఏడ్చిన రాత్రులూ ఉన్నాయి. ఆ రెండింటినీ చూసినదాన్ని గనుక ఆయనను కపటి అని నేను ఎన్నడూ అనుకోలేకపోయాను.

ఇతరుల ఇళ్లలో తాగుడు ఒక బాధ. మన ఇళ్లలో అది బాధతో పాటు నోరు విప్పరాని రహస్యం కూడా. ధర్మం నిషేధించింది గనుక అది మనలో లేనేలేదని మనకు మనమే నచ్చజెప్పుకుంటాం. మా గల్లీలోనే మరో రెండు ఇళ్లలో ఇదే వేదన ఉందని నాకు తెలుసు. ఆ ఇళ్ల స్త్రీలకు మా సంగతి తెలుసు. ఈద్ నాడు షీర్ ఖుర్మా గిన్నెలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఒకరి కళ్లలోకి ఒకరం చూసుకునేవాళ్లం కాదు.

నేను ఎన్ని అబద్ధాలు ఆడానో అల్లాహ్‌కే తెలుసు. దుకాణం తెరవని రోజుల్లో జ్వరమన్నాను. అప్పులవాళ్లు వస్తే ఊళ్లో లేరన్నాను. నా రెండు గాజులు అమ్మి ఆయన బాకీ తీర్చి, ఆ గాజులు పోయాయని మా అమ్మీకి చెప్పాను. ఒకరోజు బడి నుంచి వచ్చిన పెద్దబాబు, "అమ్మీ, అబ్బాకు ఈరోజు కూడా జ్వరమని చెప్పాలా?" అని అడిగాడు. వాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. అబద్ధం ఆడటం వాడికి నేర్పినది మద్యం కాదు, నేను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడిన సంగతి అందరమూ గర్వంగా చెప్పుకుంటాం. ఊళ్లో దుకాణం మూయించడం గొప్ప పోరాటమే. కానీ దుకాణానికి నడిచి వెళ్లే మనిషిని ఇంట్లో నిలబెట్టుకోవడం మరొక పోరాటం. దానికి జెండాలు ఉండవు, ఊరేగింపులు ఉండవు.

ఒక చీటీ, ఒక ఫోన్ నంబరు

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరుగారు, "శరీరంలోని మద్యాన్ని మేము తీసివేశాం. ఇక ముందున్న సాయంత్రాలను ఎలా గడపాలో నేర్పేవాళ్లు వేరే ఉన్నారు" అంటూ చీటీ మీద ఒక నంబరు రాసి ఇచ్చారు. అది ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సహచర బృందానిది. క్లుప్తంగా ఎ.ఎ. అంటారు.

ఫోన్ చేసింది నేనే. అవతలి గొంతు మావారి పేరు అడగలేదు, మతం అడగలేదు, జీతం అడగలేదు. ఒక్కటే అడిగింది: "తాగడం మానాలన్న కోరిక ఆయనకు ఉందా అమ్మా?" ఉందన్నాను. "అయితే ఆయననే ఫోన్ చేయమనండి. ఆయన తరఫున మీరు మానలేరు కదా." ఆ మాట ఆనాడు నాకు కఠినంగా తోచింది. చీటీని ఆయన దిండు పక్కన పెట్టాను. పందొమ్మిది రోజుల తర్వాత ఆయనే తీసి నంబరు కలిపారు.

తెనాలిలో ఎవరైనా చూస్తారన్న భయంతో విజయవాడ వెళదామన్నారు. సాయంత్రం రైలులో బయలుదేరాం. కృష్ణ వంతెన దాటుతున్నప్పుడు ఆయన అరచేతులు తడిసిపోవడం గమనించాను. చిరునామా ప్రకారం వెళితే ఆ గది ఒక చర్చి ఆవరణలో ఉంది. గేటు దగ్గరే ఆగిపోయారు. "నేను అల్లాహ్ ముందు చేసిన తప్పుకు ఇక్కడ పరిష్కారమా?" అని వెనుదిరిగారు. తిరుగు రైలులో ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

మర్నాడు ఆయనను మా మరిది ఇమామ్ సాహెబ్ దగ్గరకు తీసుకువెళ్లాడు. మందలింపు తప్పదనుకుని వెళ్లిన ఆయనకు అక్కడ ఒక హదీసు వినిపించింది. దైవప్రవక్త (స) కాలంలో ఒక వ్యక్తి మద్యం తాగి పదేపదే శిక్షకు గురయ్యేవారు. ఒకసారి అక్కడున్న ఒకరు ఆయనను శపించగా, దైవప్రవక్త (స) వారించి, ఆ మనిషికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉన్నదని సాక్ష్యమిచ్చారు. సహీహ్ బుఖారీలోని ఉల్లేఖనమది. శిక్ష తప్పలేదు, తప్పు ఒప్పయిపోలేదు. అయినా ఆ మనిషిని సమాజం నుంచి గెంటివేయనివ్వలేదు.

మావారు రెండు సందేహాలు అడిగారు. పాపాన్ని అల్లాహ్ కప్పి ఉంచితే దానిని మనమే నలుగురిలో బయటపెట్టవచ్చా? ఇమామ్ సాహెబ్ ఇలా అన్నారు: "పాపాన్ని గొప్పగా చెప్పుకోవడం వేరు. నయం కావడం కోసం రోగాన్ని వైద్యుడికి చూపడం వేరు. మద్యాన్ని మందుగా వాడవచ్చా అని అడిగిన సహాబీతో అది మందు కాదని, వ్యాధి అని దైవప్రవక్త (స) అన్నట్టు సహీహ్ ముస్లింలో ఉంది. వ్యాధిగ్రస్తుడు వైద్యం వెతుక్కోవాలి. అవసరమైనంతే చెప్పండి, వినే చోటనే చెప్పండి." చర్చి ఆవరణ సంగతి అడిగితే, "అక్కడ మీరు ఆరాధనకు వెళ్లడం లేదు. గది అద్దెకు తీసుకున్నారు, అంతే. అయినా ఆ గది మన మస్జిద్ పక్కన ఎందుకు లేదో ఆలోచించవలసింది మేము" అని నిట్టూర్చారు.

ఆ గదిలో

తాగుడు మానాలనుకునే వారికే పరిమితమైన సమావేశాలు కొన్ని, కుటుంబీకులు, ఆసక్తి గలవారు కూడా కూర్చోగలిగే బహిరంగ సమావేశాలు కొన్ని ఉంటాయి. ఒక బహిరంగ సమావేశానికి నేనూ వెళ్లాను. ప్లాస్టిక్ కుర్చీలు, స్టీలు గ్లాసుల్లో టీ, గోడకు పన్నెండు మెట్లు రాసిన గుడ్డ. ఒక్కొక్కరు లేచి ఇంటిపేరు లేకుండా తమ పేరు మాత్రం చెప్పి, తాను మద్యపాన వ్యాధిగ్రస్తుడినని ఒప్పుకుని, తన కథ చెబుతారు. మధ్యలో ఎవరూ అడ్డురారు. ఎవరూ తీర్పు చెప్పరు. రిక్షా తొక్కే ఆయన చెప్పినదాన్ని బ్యాంకు ఉద్యోగి తల వంచుకుని విన్నారు. రుసుము లేదు. చివర ఒక గిన్నె తిరుగుతుంది, సభ్యులు ఇష్టమైతే తోచినంత వేస్తారు. బయటివారి విరాళాలు తీసుకోరు.

ఈ పద్ధతి ఎలా పుట్టిందో ఆ రోజు విన్నాను. 1935లో అమెరికాలోని ఓహాయో రాష్ట్రం యాక్రన్ నగరానికి బిల్ అనే స్టాక్ వ్యాపారి పని మీద వచ్చాడు. తాగుడు మాని కొద్ది నెలలే అయింది. వచ్చిన పని చెడింది. బస చేసిన హోటల్లో మద్యశాల సందడి చెవిని పడుతున్నది. తాగకుండా ఉండాలంటే తనలాంటి మరొక తాగుబోతుతో మాట్లాడాలని అతడికి తోచింది. ఫోన్ల మీద ఫోన్లు చేసి చివరకు బాబ్ అనే శస్త్రవైద్యుడిని కలుసుకున్నాడు. ఆ డాక్టరు చివరిసారి తాగిన 1935 జూన్ 10వ తేదీనే ఎ.ఎ. తన పుట్టినరోజుగా లెక్కిస్తుంది. మన దేశంలో ఇది 1957లో మొదలైంది. రోగికి రోగే తోడు అన్న ఒక్క ఎరుక మీద ఇదంతా నిలబడి ఉంది.

వింటున్నంతసేపూ నాకు నూరుగురిని హత్య చేసి పశ్చాత్తాపపడిన మనిషి హదీసు గుర్తుకు వచ్చింది. అతడికి తౌబా ద్వారం తెరిచే ఉందని చెప్పిన జ్ఞాని, అంతటితో ఆగలేదు. నీ ఊరు మంచిది కాదు, దైవారాధన చేసే సజ్జనులున్న ఫలానా ఊరికి వెళ్లమని దారి చూపాడు. తౌబాకు మనసు ఎంత అవసరమో, సాంగత్యం మార్చుకోవడమూ అంత అవసరమని ఆ హదీసును ఎన్నిసార్లో విన్న నాకు అప్పుడు అర్థమైంది. మావారు ప్రమాణాలు చేసి ప్రతిసారీ అదే ఊరిలో, అదే విందుల మధ్య ఒంటరిగా నిలబడ్డారు.

ఆ పన్నెండు మెట్లలో మావారికి మొదట మింగుడుపడనిది, మద్యం ముందు తాను శక్తిహీనుడినని ఒప్పుకోవడం. అయితే ప్రతి అజాన్‌కు జవాబుగా మనం పలికే 'లా హౌల' లోని భావం కూడా అదే కదా అని ఆయనే ఒకనాడు అన్నారు. శక్తి అల్లాహ్‌దే. చేసిన తప్పులను లెక్క రాసుకోమనే మెట్టు మన పెద్దలు చెప్పే ముహాసబాను పోలి ఉంది. నష్టపోయినవారి జాబితా రాసి, మరింత హాని జరగని రీతిలో సరిదిద్దుకోమనే మెట్లు, హక్కుదారుల హక్కు తిరిగి ఇవ్వనిదే తౌబా పూర్తి కాదనే మన ధర్మవిధిని గుర్తుచేశాయి. అమెరికాలోని బాల్టిమోర్‌లో 1989లో కొందరు ముస్లిం సోదరులు ఈ మెట్లనే ఇస్లామీయ పరిభాషలోకి మలచుకుని 'మిల్లతీ ఇస్లామీ' అనే బృందాన్ని ఏర్పరచుకున్నారని తర్వాత తెలిసి సంతోషించాం. సమావేశం ముగింపులో అందరూ కలిసి ప్రార్థన చెబుతారు. మావారు ఆ సమయంలో మౌనంగా తన దుఆ తాను చేసుకుంటారు. ఎందుకని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

నా కుర్చీ

తాగేవారి కుటుంబీకులకు వేరే బృందం ఉంది. 1951లో ఏర్పడిన దాని పేరు అల్-అనాన్. "నాకేం రోగం? నేనెందుకు రావాలి?" అని మొదట విసుక్కున్నాను. వెళ్లాక బుర్ఖాలో ఉన్న నేను, నుదుట బొట్టున్న ఇద్దరు అక్కలు, మెడలో శిలువ ఉన్న ఒక నర్సమ్మ ఒకే కన్నీరు తుడుచుకున్నాం. మొదటి రెండు వారాలు నేను నోరు తెరవలేదు. మూడవ వారం గాజుల సంగతి చెప్పాను. ఒక పెద్దావిడ నా చేయి పట్టుకుని, "నేను మంగళసూత్రం అమ్మానమ్మా" అన్నది.

అక్కడ నేర్చుకున్నది మూడు ముక్కల్లో చెప్పగలను. ఈ వ్యాధికి కారణం నేను కాను. దానిని అదుపు చేయడం నా చేతిలో లేదు. నయం చేయడమూ నా చేతిలో లేదు. ఆనాడు ఫోన్‌లో కఠినంగా తోచిన మాట ఇదేనని తెలిసింది. అబద్ధాలు మానేశాను. ఆయన బాకీలు ఆయననే తీర్చనిచ్చాను. సీసాలు వెతకడం మాని, పిల్లల హోంవర్క్ చూడటం మొదలుపెట్టాను. పెద్దబాబును దగ్గర కూర్చోబెట్టుకుని, "అబ్బాకు వ్యాధి ఉంది, వైద్యం జరుగుతోంది, నువ్వు ఇక ఎవరికీ అబద్ధం చెప్పనక్కర్లేదు" అన్నాను. వాడు ఏమీ అనలేదు. ఆ రాత్రి మాత్రం చాలా రోజుల తర్వాత పక్క తడపకుండా పడుకున్నాడు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. తాగి చేయి చేసుకునే భర్త ఉన్న సోదరి, సహనం పేరుతో ఆ దెబ్బలు తినవలసిన పని లేదు. ఆమె ముందు తననూ, పిల్లలనూ క్షేమంగా ఉన్న చోటికి చేర్చుకోవాలి. సమావేశాలు ఆ తర్వాత.

పడిన రోజు

ఏడు నెలలు సాఫీగా సాగింది. ఎనిమిదవ నెలలో ఒక బంధువుల పెళ్లి. వలీమా అయిన రాత్రి ఆయన తెల్లవారుజామున తూలుతూ వచ్చారు. నా గుండె జారిపోయింది. అరవలేదు, దాచలేదు. తలుపు తీసి, పిల్లల గదిలోకి వెళ్లి ఫజర్ నమాజ్ చేసుకున్నాను. సజ్దాలో ఏం అడిగానో నాకు గుర్తు లేదు.

మధ్యాహ్నం ఆయనే సమావేశానికి బయలుదేరారు. "ఏం మొహంతో వెళతాను?" అంటూనే వెళ్లారు. తిరిగి వచ్చాక చెప్పారు: ఎవరూ నిలదీయలేదట. పక్క కుర్చీ ఖాళీ చేసి, టీ గ్లాసు చేతికిచ్చి, మళ్లీ వచ్చినందుకు సంతోషించారట. తమకు తామే అన్యాయం చేసుకున్నవారు తన కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని అల్లాహ్ సూరహ్ జుమర్‌లో పిలుస్తున్నాడు. ఆ పిలుపు విన్నవాడు తిరిగి రావడానికి భూమి మీద ఒక కుర్చీ కూడా ఉండాలి కదా.

మరుసటి రమజాన్‌లో సమావేశం వేళ, ఇఫ్తార్ వేళ ఒకటయ్యాయి. ఆయన వెళ్లలేనేమో అని మథనపడుతుంటే, ఆ బృందంలోని ఒక హిందూ సోదరుడు ఖర్జూరాలు, మంచినీళ్లు ముందే తెచ్చి బల్ల మీద పెట్టి ఉంచారు. మగ్రిబ్ అయ్యేవరకు అందరూ టీ వాయిదా వేసుకున్నారట. ఆ సాయంత్రం సంగతి చెబుతూ మావారు ఏడ్చారు. తాగని కళ్లతో ఏడ్చారు.

చదువరులకు ఒక మనవి

ఆ పెళ్లి రాత్రి తర్వాత ఇప్పటికి రెండేళ్లు దాటింది. 'ఇక ఎన్నడూ తాగను' అని ఆయన ఇప్పుడు ప్రమాణాలు చేయరు. ఫజర్ తర్వాత 'ఈ ఒక్క రోజు నన్ను కాపాడు' అని అడుగుతారు. ఇషా తర్వాత కృతజ్ఞతలు చెప్పుకుంటారు. రోజును ఐదు పూటలుగా విభజించి ఇచ్చిన ధర్మంలో పుట్టినవాళ్లకు ఈ లెక్క కష్టం కాదు. రేపటి సంగతి నాకు తెలియదు. దుకాణం మీది అప్పు ఇంకా తీరలేదు. నా గాజులు తిరిగి రాలేదు.

మీ ఇంట్లో ఈ వేదన ఉంటే, దయచేసి నాలాగా పదకొండేళ్లు ఆగకండి. 14446 అనే కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి సహాయ నంబరుకు గానీ, మానసిక ఆరోగ్యానికి ఉద్దేశించిన టెలిమానస్ నంబరు 14416కు గానీ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మానడానికి ముందు డాక్టరును కలవండి. ఒక సమావేశం నచ్చకపోతే మరొకటి చూడండి. ఇంటివాళ్లు కూడా తమ సమావేశానికి వెళ్లండి.

మస్జిద్ కమిటీల పెద్దలకు ఒక విన్నపం. మద్యం హరామ్ అని ఖుత్బాలో చెబుతున్నారు, చెప్పాలి కూడా. దానితోపాటు అందులో చిక్కినవాడు వచ్చి కూర్చోవడానికి వారానికి ఒక సాయంత్రం ఒక గది ఇవ్వండి. మా ఇమామ్ సాహెబ్ ఆ ప్రయత్నంలో ఉన్నారు. మద్రసా పక్కగది ఖాళీ చేయించారు. వచ్చే నెల నుంచి అక్కడ తలుపు తెరుచుకుంటుంది, ఇన్షా అల్లాహ్. మొదటి రోజు టీ నేనే కాస్తానని మాట ఇచ్చాను. కుర్చీలు వేసే పని మావారిది.

మా గల్లీలోని ఆ రెండు ఇళ్ల సోదరీమణులకు నేనే వెళ్లి చెప్పాను. ఈసారి ఒకరి కళ్లలోకి ఒకరం చూసుకున్నాం. అల్లాహ్ మన ఇళ్లను కాపాడుగాక, తిరిగి వచ్చేవారికి దారి సులభం చేయుగాక. ఆమీన్.